ఒక్క రూపాయి

ఆరుంబావుకి చేపాక్ స్టేషన్ మెట్లు దిగి
పరుగున వస్తాను.
హార్బరు ఆఫీసు సరుకు చీటీల సిరా
ఇంకా వేళ్ళకి అంటుకునే ఉంటుంది.
గేటు దాటగానే ఎర్ర ఇటుకల చల్లదనం.
ఇక్కడ పట్టాలు పుచ్చుకున్న వాళ్ళంతా
తరాల తరబడి తొక్కి అరగదీసిన మెట్టు ఒకటుంది,
నడిమధ్య మూకుడులా గుంటపడి.
వానొస్తే అందులో గుక్కెడు నీళ్ళు నిలుస్తాయి,
కాకి వచ్చి తాగిపోతుంది.

మా మేనేజ్‌మెంట్ క్లాసు పై అంతస్తులో.
పొడుగాటి ఇనప ఊచకి వేలాడే ఫ్యాను కింద
ప్రొజెక్టరు నీలం వెలుగు,
తెర నిండా బాణాలూ డబ్బాలూ.
పడమటి కిటికీ రంగుటద్దంలోంచి పడ్డ ఎర్రటి మరక
లాభం అన్న మాట మీద కాసేపు ఆగి
నష్టం మీదికి జరుగుతుంది, పొద్దు వాలుతున్న కొద్దీ.

ఆ రోజు పాఠం తరుగుదల.
వేదవల్లి మేడమ్‌కి తెర మీద నమ్మకం తక్కువ.
సుద్దముక్కతో బల్లని టకటక కొట్టి అన్నారు:
"ఈ భవనానికే తరుగు కట్టండి.
అసలు ఖరీదు ఊహించుకోండి, ఆయుష్షు అరవై ఏళ్ళు."

తలలు వంచాం.
వేళ్ళు మీటల మీద, పావురాలు చూరు కింద.
బ్యాంకులో పనిచేసే దేవసహాయం ముందుగా లేచాడు.
"ఎప్పుడో తీరిపోయింది మేడమ్. సున్నా."
"సున్నా రాయకూడదు.
రాస్తే అసలు వస్తువే లేదనుకుంటాడు ఆడిటరు.
ఒక్క రూపాయి ఉంచాలి, ఆనవాలుకి."

ఒక్క రూపాయి.
ఇంతింత లావు స్తంభాలు, మెలికల మెట్లు,
సముద్రం ఉప్పునాలికతో నాకీ నాకీ
ఇంకా కరిగించలేని గోడలు,
అన్నీ కలిపి,
చిల్లర లేదని టీకొట్టువాడు
చాక్లెట్టు చేతిలో పెట్టి ఎగ్గొట్టే రూపాయి!
విరగబడి నవ్వాం.

ఆ నవ్వులోనే కరెంటు పోయింది.

తాళాల గుత్తి చప్పుడు ముందు వచ్చింది,
తరవాత చేతి దీపం, ఆ తరవాత మునిరత్నం.
పోయినేడాదే రిటైరైన అటెండరు.
ఏ తాళంచెవి దేనిదో ఇంకెవరికీ తెలీక
రోజుకూలికి మళ్ళీ పిలిచారు.
"ఏంమా, చీకట్లోనా లెక్కలు?" అన్నాడు నాతో,
వ్యాసర్‌పాడి తెలుగులో, మా ఇంటి యాసలో.
తూర్పు కిటికీ దగ్గరికెళ్ళాడు.
మూడు సెమిస్టర్లుగా మేం ఎవరం తీయలేని కిటికీ.
"కోపంగా తోస్తే రాదు,
రవ్వంత పైకెత్తి, అప్పుడు తొయ్యాల."
సముద్రం మొత్తం లోపలికొచ్చింది.
మా లెక్కల కాగితాలు గది నిండా ఎగిరాయి.

వాటిని ఏరుతూ ఫర్హానా ఆయనకి చెప్పేసింది,
అన్నా, పుస్తకాల్లో ఈ బిల్డింగు ఖరీదు రూపాయేనట.
మునిరత్నం నవ్వలేదు.
చొక్కా జేబు తడిమాడు.
బస్సు టిక్కెట్టు, మడిచిన మందుల చీటీ,
వాటి అడుగునుంచి ఒక బిళ్ళ.
మేడమ్ బల్ల మీద పెట్టాడు.
"అయితే నేనే కొనుక్కుంటా. రసీదు రాయండి."

"రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిదన్నా?" అన్నాడు దేవసహాయం.
ఆ మాట గాలికి పోయింది.
మేడమ్ చీకట్లో ఆ రూపాయి వంకే చూస్తున్నారు,
మేం రాయమని ఇచ్చిన ప్రశ్నకి
ఎవరో తప్పు దారిలో వచ్చి
సరైన జవాబు చెప్పినట్టు.

కరెంటొచ్చింది. ఫ్యాను మూలిగి తిరిగింది.
ఆయన కిటికీ మూయకుండానే దిగిపోయాడు.
రూపాయి అక్కడే ఉంది, ఎవరం తియ్యలేదు.

ఏప్రిల్ పరీక్షలో అదే లెక్క వచ్చింది.
మిగులు విలువ అన్నచోట ఒక్క రూపాయి వేసి
పక్కన చిన్నగా తెలుగులో రాశాను:
మునిరత్నం గారి వల్ల ముట్టినది.

రెండు మార్కులు తరిగాయి.